పట్టా మీదే, మరి చెట్టు? భీమిలి రోడ్డు స్థలంలో సరుగుడు, మొగలి, మర్రి సంగతి

ముందు మీ ప్రశ్న. భీమిలి బీచ్ రోడ్డులో మంగమారిపేట దాటాక 800 గజాల పట్టా స్థలం కొన్నారు. లోపల పన్నెండు సరుగుడు చెట్లు, నాలుగు కొబ్బరి చెట్లు, ఒక పాత వేప, మూలలో ఒక మర్రి ఉన్నాయి. ప్రహరీ బయట సముద్రం వైపు ఇంకో వరస సరుగుడు, దాని ముందు మొగలి పొదలు. ఇల్లు కట్టుకోవాలి, మేడ మీద నుంచి సముద్రం కనబడాలి. స్థలం చూపించిన బ్రోకర్ "మీ పట్టా, మీ చెట్లు, ఆదివారం జేసీబీ పెట్టి ఒక్క రోజులో చదును చేయించేద్దాం" అన్నాడు. అది నిజమేనా అని అడిగారు.

నేను అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం ఈ తీరం మీదే గడిచింది. ఇప్పుడు తోటల సలహాలు చెప్పుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. ముందు ఆ జేసీబీని ఆపండి. మిగతాది తాపీగా మాట్లాడుకుందాం.

మన వాళ్ళు ఎప్పుడూ చెట్టు ఎవరిది అని అడుగుతారు. తీరంలో మాత్రం చెట్టు ఏ గీతకి ఎటు పక్కన ఉంది అన్నది ముందు ప్రశ్న. మీ స్థలం మీద కనీసం మూడు గీతలు పోతున్నాయి. మీ ప్రహరీ గీత, రికార్డులో ఉన్న సర్వే గీత, ప్రభుత్వం గీసిన హైటైడ్ లైన్. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ పడవు.

సర్వే గీతతో మొదలుపెట్టండి, చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. సర్వేయర్ని పిలిచి ఎఫ్‌ఎంబీ స్కెచ్, అంటే సర్వే రికార్డులోని కొలతల పటం ప్రకారం కొలిపించండి. ప్రహరీ బయట వరస అన్నారే, అది దాదాపు ఖాయంగా మీది కాదు. మన తీరమంతా ప్రభుత్వ పోరంబోకులో అటవీ శాఖ తుపాను గాలికి అడ్డంగా సరుగుడు తోటలు వేస్తూ వచ్చింది. అవి ఎవరి కాంపౌండు ముందున్నా ప్రభుత్వ ఆస్తే. వాటిలో చెట్టు కాదు కదా, కొమ్మ కొట్టినా కేసే. మొగలి పొదలదీ అదే కథ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఇదే రోడ్డులో ఒకాయన ఇల్లు కట్టించారు. ఆయన కాంట్రాక్టరు "బయట చెట్లు కూడా తీసేస్తే వ్యూ బాగుంటుంది సార్" అని ఆయన్ని అడగకుండానే బయట వరసలో పదకొండు చెట్లు కొట్టించి, మొదళ్ళతో సహా పీకించేశాడు. ఆయన అప్పుడు హైదరాబాదులో ఉన్నారు. చెట్లు పోయిన రెండో రోజుకి పంచనామా జరిగింది. కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. నోటీసు ఎవరికొచ్చింది? ఇంటి ఓనరుకి. ఆ మీదటి వానాకాలంలో మొదళ్ళు పీకిన గుంతల వైపు ఇసుక జారి ప్రహరీ సముద్రం వైపు ఒరిగింది. చెట్లు కొట్టించడానికి పెట్టిన ఖర్చు కంటే గోడ మళ్ళీ కట్టడానికి ఎన్నో రెట్లు అయింది.

ఇక హైటైడ్ లైన్. అల మీ కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగిన చోటు హైటైడ్ లైన్ కాదు. పెద్ద పోటు సమయంలో నీరు నేల మీద ఎంతవరకు వస్తుందో దాన్ని అధికారం ఉన్న సంస్థ గుర్తించి మ్యాపు మీద గీస్తుంది. ఆ గీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండలం. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991లో మొదటి నోటిఫికేషన్ వచ్చింది, 2011లో రెండోది, 2019 జనవరిలో మూడోది. గెడ్డలు, ఉప్పుటేర్ల ఒడ్డున ఈ దూరం తక్కువ. 2019 ప్రకారం 50 మీటర్లు, లేదా ఆ గెడ్డ వెడల్పు, రెండింట్లో ఏది తక్కువైతే అది. ఏ గెడ్డ ఎంతవరకు సముద్రం లెక్కలోకి వస్తుందో ఉప్పదనం చూసి నిర్ణయిస్తారు. ఏడాదిలో బాగా ఎండిన కాలంలో లీటరు నీటిలో 5 గ్రాముల ఉప్పు దాకా లెక్క.

మీరు మంగమారిపేట దాటాక అన్నారు గానీ, రోడ్డుకి సముద్రం వైపా, కొండ వైపా అన్నది చెప్పలేదు. అసలు ప్రశ్న అదే. సీఆర్‌జెడ్-2 లో, అంటే ఇప్పటికే కట్టడాలు నిండిన పట్టణ ప్రాంతంలో, కొత్త ఇల్లు ఇప్పటికే ఉన్న రోడ్డుకి, లేదా అనుమతి ఉన్న పాత కట్టడానికి, నేల వైపే రావాలి. సముద్రం వైపు రాకూడదు. "మాది జీవీఎంసీ పరిధి కదా, మేము జోన్-2 యే" అని చాలామంది నాతో వాదించారు. జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ, పరిధిలో ఉంటే సరిపోదు. ఆ ప్రాంతంలో ప్లాట్లలో సగానికి మించి కట్టడాలు వచ్చి ఉండాలి అని 2019 నోటిఫికేషన్ అంటుంది. కాకపోతే జోన్-3. అక్కడ జనసాంద్రతను బట్టి గీత నుంచి 50 మీటర్లో 200 మీటర్లో కట్టడాలు నిషిద్ధం. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకి 2,161 మందికి పైగా ఉన్న చోట 50, తక్కువ ఉన్న చోట 200.

ఇదంతా ఇళ్ళ గురించి కదా, చెట్ల మాటెందుకు అంటారేమో. ఎందుకంటే నేను చూసిన వాటిలో బాధాకరమైనవి ఇవే. జనం ముందు చెట్లు కొట్టేస్తారు, తర్వాత ప్లాను పెడతారు, అప్పుడు తెలుస్తుంది అక్కడ ఇల్లే రాదని. చెట్టూ పోయె, ఇల్లూ రాకపాయె. మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో జీవీఎంసీ టౌన్ ప్లానింగ్‌లోనో, విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏలోనో రాతపూర్వకంగా తెలుసుకునే దాకా ఒక్క చెట్టు మీదా రంపం పెట్టొద్దు. తీర మండలం మ్యాపులు రాష్ట్ర తీర నిర్వహణ ప్రాధికార సంస్థ దగ్గర ఉంటాయి. నిషిద్ధ జోన్‌లో పడినా దిగులు పడక్కర్లేదు, అక్కడ తోటలు, వ్యవసాయం, చెట్ల పెంపకం చేసుకోవచ్చు. అంటే చెట్లు ఉంచుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇప్పుడు చెట్టు చట్టం. ప్రైవేటు స్థలంలో చెట్టుకి మన రాష్ట్రంలో ముఖ్యమైనది 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. చెట్టు మీ పట్టాలోనే ఉన్నా కొట్టే ముందు అధికారి అనుమతి ఉండాలి అన్నది అందులోని మాట. మినహాయింపు ఉన్న జాతులు కొన్ని ఉన్నాయి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటివి రైతులు పంటలా పెంచి అమ్ముకుంటారు కాబట్టి వాటికి వెసులుబాటు ఇచ్చారు. అందుకే బ్రోకర్ "ఏమీ అక్కర్లేదు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. ఆ వెసులుబాటు వాల్టాకి సంబంధించింది. తీర నియంత్రణకి సంబంధించింది కాదు. మీ పన్నెండు సరుగుడు కూడా జాబితా చూసుకున్నాకే ముట్టుకోండి, అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడిగితే చూపిస్తారు.

వేపకి, మర్రికి మాత్రం అనుమతి తప్పదు. దరఖాస్తులో చెట్టు జాతి, సంఖ్య, చాతీ ఎత్తులో, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, మాను చుట్టుకొలత, సర్వే నంబరు, ఎందుకు తీయాలి అన్నది రాయండి. పాస్‌బుక్కు కానీ రిజిస్టర్డ్ దస్తావేజు కానీ, ఈసీ (స్థలం మీద లావాదేవీలు చూపే పత్రం), స్కెచ్, నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు జతచేయండి. మనిషి వచ్చి చూస్తాడు. "ఇల్లు ఈ చోటే రావాలి, వేరే చోటు లేదు" అని ప్లానుతో చూపిస్తే మాట వేరు, "ఆకులు రాలుతున్నాయి" అంటే వేరు. ఎండిపోయింది, తెగులు పట్టింది, ఇంటి మీదకో రోడ్డు మీదకో పడేలా ఉంది అన్న కారణాలకు బరువెక్కువ. అనుమతి ఇస్తూ బదులు మొక్కలు నాటమంటారు. దాన్ని లాంఛనం అనుకోవద్దు, తర్వాత వచ్చి చూసే అధికారులున్నారు. కొట్టాక కలప బయటికి తరలించాలంటే ఇంకో కాగితం కావాలి, 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల కింద. కలప డిపోకి చేరేలోగా లారీ ఆపితే లారీవాడు మిమ్మల్నే చూపిస్తాడు.

తాటి చెట్లు మీ దగ్గర లేవు కాబట్టి వదిలేస్తున్నాను. ఉన్నవాళ్ళు ఊళ్ళో గీత కార్మికులని అడగకుండా ముట్టుకోవద్దు, అంతే.

మీ స్థలం కొండ వైపైతే ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఆ వైపు కొన్ని సర్వే నంబర్లు కంబాలకొండ అభయారణ్యం చుట్టూ ఉన్న పర్యావరణ సున్నిత మండలంలోకి వస్తాయి. అక్కడ ప్రైవేటు భూమిలో చెట్టుకి కూడా ముందస్తు అనుమతి నిబంధన ఉంది. ఎర్రమట్టి దిబ్బల పక్కనైతే ఇసుక కదిపే ఆలోచనే మానుకోండి.

ఇసుక అన్నాను కదా, జేసీబీ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తాను. సరుగుడు చెట్టు కొట్టడం ఒక పని, దాని మొదలు పీకి దిబ్బ చదును చేయడం ఇంకో పని. కదిలే ఇసుక దిబ్బలను చదును చేయడం, వాటి రూపు మార్చడం సీఆర్‌జెడ్‌లో నిషిద్ధం. చెట్టు కొట్టడానికి మీకు మినహాయింపు ఉన్నా, దిబ్బ తొలగించడానికి లేదు. రంపంతో కొట్టినంత వరకు అది చెట్ల వ్యవహారం. జేసీబీ బ్లేడు ఇసుకలోకి దిగిన క్షణం నుంచి అది తీర వ్యవహారం. పర్యావరణ చట్టం కింద జరిమానా 2024 ఏప్రిల్ నుంచి పది వేల నుంచి పదిహేను లక్షల దాకా ఉంది. ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్తే నష్టపరిహారం లెక్క వేరుగా ఉంటుంది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు మథుర దగ్గర ఒక ప్రైవేటు స్థలంలో అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టిన కేసులో చెట్టుకి లక్ష చొప్పున వేసింది. అది మన రాష్ట్ర చట్టం కింద కేసు కాదు, అయినా కోర్టులు ఎటు చూస్తున్నాయో తెలుస్తుంది.

మడ చెట్లు మీ దగ్గర లేవు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటో, మేఘాద్రిగెడ్డ వైపో ఉప్పు బురద ఒడ్డున స్థలం ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళ కోసం రెండు మాటలు. బురదలోంచి పెన్సిళ్ళలా పైకి నిలబడ్డ ఊపిరి వేళ్ళు కనబడితే అది మడ. ఆ నేల సీఆర్‌జెడ్-1, అన్నిటికంటే కట్టుదిట్టమైన జోన్. మడ 1,000 చదరపు మీటర్లు దాటితే చుట్టూ ఇంకో 50 మీటర్లు కూడా అందులోకే వస్తుంది. ఏదైనా అనుమతి ఉన్న ప్రాజెక్టులో మడ పోయినా, పోయినదానికి మూడు రెట్ల విస్తీర్ణంలో తిరిగి నాటాలని నియమం. సొంతింటి కోసం దాన్ని కొట్టే దారి లేదు.

ఇక చట్టం పక్కన పెట్టి, మీ ఇంటి మంచి కోసం చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు విశాఖలో ఉన్నారో లేదో తెలియదు. మర్నాడు బయటికొచ్చి చూస్తే కైలాసగిరి పచ్చదనం ఒక్క రోజులో ఊడ్చుకుపోయింది. రోడ్ల పక్కన తురాయిలు, పచ్చ తురాయిలు, నిద్రగన్నేరులు వేళ్ళతో సహా పడున్నాయి. తాటి చెట్లు చాలావరకు నిలబడ్డాయి. నిలబడ్డ చెట్ల ఆకులు కూడా వారం తిరిగేసరికి మాడిపోయాయి. నిప్పు కాదు, ఉప్పు. గాలితో వచ్చిన ఉప్పునీరు ఆకుని కాల్చేసింది.

అప్పుడు నేనొక తప్పు చేశాను, ఇప్పటికీ మనసులో ఉంది. సాగర్‌నగర్‌లో తెలిసిన వాళ్ళింట్లో పాత వేప ఒకటి ఆకంతా మాడిపోయి మోడులా నిలబడింది. నేను చూసి "పోయింది, తీసేయించండి" అని చెప్పాను. తీసేశారు. పక్కింట్లో అలాంటిదే ఇంకో వేప ఉంది, ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో లేకపోవడం వల్ల ఎవరూ ముట్టుకోలేదు. సంక్రాంతికి అది నిండా చిగురించింది. అప్పటి నుంచి తుపాను తర్వాత ఏ చెట్టుకీ మొదటి నెలలో తీర్పు చెప్పను. గోటితో బెరడు గీకండి, లోపల పచ్చగా తడిగా ఉంటే బతికే ఉంది. పై కొమ్మ పొడిగా ఉంటే కింది కొమ్మ గీకండి, అక్కడా పొడిగా ఉంటే మాను గీకండి. అప్పటికీ అనుమానమైతే ఒక వానాకాలం చూడండి. ఇంటి మీదకి వాలిందో, కరెంటు తీగ మీద పడిందో అయితే ఆగక్కర్లేదు. ముందు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ళకి చెప్పి లైను ఆపించి, ఫొటోలు తీసి, ప్రమాదం ఉన్నంత మేరకు కొట్టించి, ఆ రోజే రేంజ్ ఆఫీసుకి ఒక కాగితం రాసిచ్చేయండి.

మీ లోపలి పన్నెండు సరుగుడు చెట్ల గురించి. సముద్రానికి దగ్గరగా ఉన్న మొదటి వరస చెట్టు చిన్నప్పటి నుంచి గాలి తింటూ పెరుగుతుంది. పొట్టిగా, మొదలు లావుగా, కాస్త వంగి ఉంటుంది. వెనక వరస దాని నీడలో నిటారుగా, సన్నగా, పొడుగ్గా పెరుగుతుంది. చూడ్డానికి వంకర చెట్లే వికారంగా ఉంటాయి కాబట్టి జనం ముందు వాటినే తీయమంటారు. వాటిని తీసేస్తే ఎప్పుడూ గాలి తగలని ఆ పొడుగు చెట్లు తర్వాతి తుపానులో సరిగ్గా మీ ఇంటి మీదకే పడతాయి. తీయాలంటే వెనక వరస నుంచి, ఇంటి పునాదికి అడ్డొచ్చేవి తీయండి. మొదళ్ళు పీకొద్దు. నేలకి సమానంగా కోసి వదిలేయండి, వేరు కుళ్ళేదాకా ఇసుకని పట్టుకునే ఉంటుంది. ఆ లోపు కానుగో, పొన్నో పెరిగి ఆ పని అందుకుంటుంది. మొగలి ముందు ఇసుక మీద ఊదారంగు పూల తీగ పాకుతుంటుంది, దాన్ని కలుపు అనుకుని పీకించకండి, ఇసుకని మొదట పట్టేది అదే.

సముద్రం కనబడాలి అన్నారు. దానికి చెట్టు తీయక్కర్లేదు. కింది కొమ్మలు ఎత్తించండి. మానుల మధ్య నుంచి నీరు కనబడుతుంది, పై గుబురు నీడనిస్తుంది, గాలినీ విరుస్తుంది. మేడ మీద నుంచైతే ఎలాగూ కనబడుతుంది. ఒక ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతుకి మించి తీయించొద్దు. తల నరికించడం అసలు వద్దు. తల నరికిన చోట కొత్త కొమ్మలు గుత్తులుగా వస్తాయి, పైపైన అతుక్కుని ఉంటాయి, గాలికి మొదట ఊడేవి అవే. లావు కొమ్మ కోసేటప్పుడు ముందు కింద నుంచి కొంచెం గాటు పెట్టమనండి, ఆ తర్వాత పై నుంచి కొయ్యాలి. లేకపోతే కొమ్మ బరువుకి మాను బెరడంతా చీరుకుపోతుంది. రంపం పట్టుకున్న ప్రతివాడికీ ఇది తెలుసని అనుకోకండి. బయట వరస కొమ్మలు మాత్రం మీరూ ముట్టుకోవద్దు, మీ మనుషులకీ చెప్పి ముట్టుకోకుండా చూడండి.

ఇంకో చిన్న విషయం. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు రాత్రి పూట బయటికొచ్చి వెలుగున్న వైపు నడుస్తాయి. మామూలుగా అది సముద్రం. మధ్యలో చెట్ల వరస లేకపోతే మీ పోర్టికో లైటే వాటికి సముద్రం అవుతుంది. అడ్డు తీసేసిన ఇంటి గేటు దగ్గర పొద్దున్నే చచ్చిన పిల్లల్ని ఏరిన రోజులున్నాయి నాకు. పనులేవైనా ఆ మూడు నెలలు తప్పించి పెట్టుకోండి.

మర్రి గురించి ఇక్కడి నుంచే తేల్చి చెప్పలేను. ప్రహరీకి ఎన్ని అడుగుల దూరంలో ఉంది, ఊడలు గోడ మీదకి దిగాయా, సెప్టిక్ ట్యాంకు ఎటు వస్తుంది? ఎఫ్‌ఎంబీ స్కెచ్చి ఫొటో, మర్రి మొదలు దగ్గర మనిషిని నిలబెట్టి తీసిన ఫొటో పెట్టండి. ఇంటి ప్లానుని ఆరడుగులు పక్కకి జరిపితే అసలు దాన్ని కదిలించాల్సిన పనే ఉండకపోవచ్చు.